తట్టు తేలిన తేదీ



మిరప కోతల కాలం ఇది. ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు, ఎటు వెళ్లినా కల్లాల నిండా ఎర్రటి కాయే. ఆ కల్లాల పక్కనే పట్టాలు కప్పిన గుడారాలు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల వలసకు, వచ్చిన కుటుంబాలవి. బియ్యం మూటలు, వంట గిన్నెలతో పాటు చంటిపిల్లలూ లారీ ఎక్కి వస్తారు. బడి ఈడు పిల్లలూ వస్తారు, ఊళ్లో చూసుకునేవాళ్లు లేక. కోతలయ్యాక, ఉగాదికి అటూ ఇటూగా, మళ్లీ లారీ ఎక్కి వెళ్లిపోతారు.

ఇన్ని ఊళ్ల పిల్లలు ఒకచోట చేరినప్పుడు ఆరోగ్య శాఖవాళ్లు ఓ కన్నేసి ఉంచే జబ్బు ఒకటుంది. తట్టు. కొందరు పొంగు అంటారు. కొందరు చిన్నమ్మవారు అంటారు. డాక్టరు గారి చీటీ మీద మీజిల్స్ అని ఉంటుంది.

ఈ పూట నేను మందుల గురించి చెప్పబోవడం లేదు. ఊళ్లో తట్టు వచ్చిందేమో అని అనుమానం పుట్టినప్పుడు, ఆరోగ్య శాఖవాళ్లు వచ్చి ఏం వెతుకుతారు, వాళ్లకు మీరేం చెప్పాలి, అదీ సంగతి. అందులోనూ ఒక్క మాటే పట్టుకుందాం. తేదీ. పిల్లాడి ఒంటి మీద ఎర్ర దద్దుర్లు తేలిన తేదీ. ఈ ప్రసంగంలో ఇంకేది మరిచిపోయినా ఆ ఒక్కటీ మరిచిపోకండి.

ముందు, తట్టును ఎలా అనుమానించాలి? మొదట జ్వరం. దానితో పాటు దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి నీళ్లు కారడం. అంతవరకు చూస్తే మామూలు జలుబే అనిపిస్తుంది. మూడు నాలుగు రోజులయ్యాక చెవుల వెనక, నుదుటి మీద, ముఖం మీద ఎర్రగా దద్దుర్లు తేలతాయి. అక్కణ్నుంచి మెడకు, ఛాతీకి, చేతులకు, కాళ్లకు దిగుతాయి. వాటిలో నీరు ఉండదు. నీటి పొక్కులు లేస్తే అది ఆటలమ్మ, వేరే జబ్బు. జ్వరం, నీరు లేని ఎర్ర దద్దుర్లు, ఈ రెండూ కలిసి కనిపిస్తే చాలు. అది తట్టో కాదో తేల్చే పని మీది కాదు. కబురు చేయడమే మీ పని.

ఎందుకింత తొందర అంటారా? తట్టు గాలిలో వస్తుంది. జబ్బు పిల్లాడు దగ్గి వెళ్లిపోయిన గదిలో రెండు గంటల దాకా ఆ క్రిమి ఉండగలదు. రక్షణ లేని పిల్లలు పదిమంది దగ్గర్లో ఉంటే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. దద్దుర్లు ఎలాగూ తగ్గిపోతాయి. తట్టు ప్రాణం తీసేది దద్దుర్లతో కాదు, వెనకాలే వచ్చే నిమోనియాతో, విరేచనాలతో. విటమిన్ ఏ తక్కువైన పిల్లలకు కంటిచూపు కూడా పోవచ్చు.

సరే, ఇక తేదీ దగ్గరకు వద్దాం.

మిరప రైతును నారు ఎప్పుడు నాటావని అడగండి. తడుముకోడు. ఫలానా రోజు అంటాడు. ఆ రోజు నుంచే లెక్కేసి మొదటి ఎరువు ఎప్పుడు, పూత ఎప్పుడు, మొదటి కోత ఎప్పుడు అని చెప్పేస్తాడు. చేను చూడకుండానే చెప్తాడు. తట్టుకూ అలాంటి లెక్కే ఉంది. దద్దుర్లు తేలిన తేదీ తెలిస్తే వెనక్కి లెక్కపెట్టి జబ్బు ఎక్కడ అంటుకుందో చెప్పొచ్చు. ముందుకు లెక్కపెట్టి ఇంకెవరికి రాబోతోందో చెప్పొచ్చు.

ఎలాగో చూద్దాం. తట్టు క్రిమి ఒంట్లోకి దూరిన రోజు నుంచి దద్దుర్లు తేలే రోజుకు సుమారు రెండు వారాలు. కొందరికి వారమే పట్టొచ్చు, కొందరికి మూడు వారాలు పట్టొచ్చు. ఎక్కువమందికి మాత్రం రెండు వారాలు. ఇది గుర్తుంచుకోండి. అంటుకోవడం నుంచి తేలడానికి రెండు వారాలు.

రెండో లెక్క. దద్దుర్లు తేలడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఆ పిల్లాడు ఇతరులకు అంటించగలడు. తేలాక ఇంకో నాలుగు రోజుల దాకా అంటించగలడు. ముందు నాలుగు, తర్వాత నాలుగు. అంటే జలుబే కదా అని మనం అంగన్‌వాడీకి పంపిన రోజుల్లోనే అంటించేస్తున్నాడన్నమాట.

ఒక ఉదాహరణ అనుకుందాం. గుడారాల్లో ఒక పాపకు ఫిబ్రవరి 10న దద్దుర్లు తేలాయి. రెండు వారాలు వెనక్కి వెళ్లండి. జనవరి 27. ఆ రోజుకు ఆ కుటుంబం ఎక్కడుంది? ఫిబ్రవరి 1న లారీ దిగారనుకోండి. అయితే జబ్బు దాదాపుగా సొంత ఊళ్లోనే అంటుకుంది. అంటే అక్కడ ఇంకో పిల్లాడెవరికో తట్టు వచ్చి ఉండాలి. ఆ ఊరికి వెంటనే ఫోన్ వెళ్లాలి. అలా కాకుండా సంక్రాంతి ముందే వచ్చేశారనుకోండి. అప్పుడు జబ్బు ఇక్కడిదే. మన కల్లాల్లోనే, మన ఊళ్లోనే, కంటపడని మరో పిల్లాడున్నాడు. వాణ్ని వెతకాలి.

చూశారా? పాప ఒక్కతే. జబ్బూ ఒక్కటే. కానీ ఒక తేదీ మనల్ని ఆదోని వైపు పంపిస్తుంది, ఇంకో తేదీ పక్క వీధిలోకి పంపిస్తుంది.

ఇప్పుడు ముందుకు లెక్కపెడదాం. అదే ఫిబ్రవరి 10. నాలుగు రోజులు ముందు, నాలుగు రోజులు తర్వాత. 6 నుంచి 14 దాకా ఆ పాప ఎవరెవరి మధ్య తిరిగింది? అంగన్‌వాడీకి వెళ్లిందా? ఆదివారం ప్రార్థనకు తీసుకెళ్లారా? జ్వరమొచ్చిందని ఆర్‌ఎంపీ దగ్గర బల్ల మీద అరగంట కూర్చోబెట్టారా? అక్కడున్న పిల్లల్లో రక్షణ లేనివాళ్లలో ఎక్కువమందికి ఫిబ్రవరి 20 నుంచి నెలాఖరు లోపల దద్దుర్లు తేలొచ్చు. ఆ పిల్లల్లో ఎవరికైనా పాపతో కలిసిన రోజు నుంచి మూడు రోజులు దాటకపోతే, అప్పుడు టీకా వేసినా రక్షణ దొరికే అవకాశం ఉంది. మూడు రోజులంటే డెబ్బై రెండు గంటలు. అందుకే ఏఎన్ఎం అన్నిసార్లు ఎప్పుడు, ఎప్పుడు అని అడిగేది. విసుక్కోకండి.

ఎంత అడిగినా తల్లికి తేదీ గుర్తుండకపోవచ్చు. పొద్దున్నే చీకటితో చేలోకి వెళ్లి, మళ్లీ చీకటి పడ్డాక వచ్చే మనిషికి తేదీలు ఎక్కడ గుర్తుంటాయి? “ఏమో మేడం, నాలుగైదు దినాలాయ” అంటుంది. ఆ సమాధానం రాసుకుని వెళ్లిపోతే పని చెడినట్టే. పనిమంతురాలైన ఏఎన్ఎం పక్కనే కూర్చుంటుంది. “అమ్మా, పాప ముఖాన ఎర్రగా తేలింది రెండో కోత మొదలుపెట్టాకా, అంతకు ముందా?” అని అడుగుతుంది. “కూలి డబ్బులు పంచిన దినం మాపటికి తేలె మేడం” అంటుంది తల్లి. అంతే. కూలీల మేస్త్రీని పిలిచి పుస్తకం తీయిస్తే బట్వాడా ఏ రోజో అందులో ఉంటుంది. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నా సరే, మేస్త్రీ లెక్కలో తేదీ తప్పదు. మన ఊరి తల్లులకైతే ఏదో ఒక పండుగ, డ్వాక్రా మీటింగ్, రేషన్ ఇచ్చిన రోజు, ఏదో ఒకటి ఆనవాలు దొరుకుతుంది.

ఇలా ఒక్కొక్కరి పేరు, వయసు, తండ్రి పేరు, సొంత ఊరు, లారీ దిగిన రోజు, దద్దుర్లు తేలిన రోజు, టీకా పడిన రోజు, ఒకరి కింద ఒకరివి రాసుకుంటూ పోతారు. దర్యాప్తు అంటే సగానికి సగం ఈ కాగితమే. తెల్లకోటు వేసుకుని సూక్ష్మదర్శినిలోకి చూడటం కంటే ముందు గుడారం గుమ్మంలో గొంతుక్కూర్చుని అడగటం ఉంటుంది. నన్నడిగితే అదే కష్టమైన పని.

తర్వాత రక్తం తీస్తారు. ఇక్కడ తల్లులు భయపడతారు. మొదట్లో కనిపించిన కొద్దిమంది పిల్లల దగ్గరే తీస్తారు, ఊళ్లో అందరికీ కాదు. తీసేదీ కొద్దిగానే. దాన్ని ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టి తట్టు పరీక్ష చేసే ల్యాబ్‌కు పంపుతారు. కొందరికి గొంతులో దూది పుల్ల పెట్టి తీస్తారు.

ఇక్కడా తేదీయే. దద్దుర్లు తేలిన మొదటి మూడు రోజుల్లో రక్తం తీస్తే, తట్టు ఉన్నా పరీక్షలో కనపడకపోవచ్చు. ఒంట్లో ఇంకా దాని గుర్తులు తయారుకాకపోవచ్చు. ఆ తర్వాత తీస్తే కనపడుతుంది. నాలుగు వారాల లోపు తీయాలి. గొంతులోంచి తీసేదైతే దీనికి తిరగేసి ఉంటుంది. మొదటి రోజుల్లో తీస్తేనే దొరుకుతుంది. కాబట్టి ల్యాబ్ నుంచి ‘లేదు’ అని కాగితం వచ్చినంత మాత్రాన తట్టు కాదని అనుకోవడానికి లేదు. ఏ రోజున తేలితే ఏ రోజున తీశారు? అది తెలిస్తేనే ఆ ‘లేదు’కు విలువ. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ మధ్యే టీకా వేయించిన పిల్లాడి రక్తంలో తట్టు గుర్తులు కనపడొచ్చు. టీకా వేసిన వారం పది రోజులకు కొందరికి కాస్త జ్వరం, పలచగా దద్దుర్లు రావడమూ ఉంది. అది జబ్బు కాదు. అందుకే టీకా తేదీ కూడా కావాలి. రెండు తేదీలు. దద్దుర్లు తేలిన తేదీ, టీకా పడిన తేదీ.

ల్యాబ్ దాకా ఎందుకు, చూస్తే తెలియదా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోసం 2003 నాటి సంగతి చెప్పాలి.

అప్పటికి రాష్ట్రం ఉమ్మడిది. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆపైన స్పృహ తప్పడం. కరీంనగర్, వరంగల్ వైపు ఎక్కువగా వచ్చింది. పెద్దవాళ్లకు కాదు, పిల్లలకే. అందరి నోటా ఒకటే మాట, మెదడువాపు. అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్. అనుమానం వింతేమీ కాదు. 1999లో అదే జబ్బు మన రాష్ట్రంలో చాలామంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. లక్షణాలూ అలాగే ఉన్నాయి. పైగా దానికి టీకా ఉంది. టీకా వేస్తే ఆగిపోతుంది కదా అన్న ఆశ.

పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థవాళ్లు వచ్చి పిల్లల నమూనాలు తీసుకెళ్లి పరీక్షించారు. తేలింది వేరు. అది చండీపుర వైరస్. నాగపూర్ దగ్గరి చండీపుర అనే ఊళ్లో 1965లో మొదటిసారి బయటపడింది, అందుకే ఆ పేరు. 2003లో 329 మంది పిల్లలు దాని బారిన పడితే 183 మంది చనిపోయారు. సగం కంటే ఎక్కువ. ఆ వివరాలు మరుసటి ఏడాది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఇది మెదడువాపా, మెదడుకు వెళ్లే రక్తనాళాల మీద పడిన దెబ్బా అని డాక్టర్ల మధ్య వాదన కూడా నడిచింది.

ఆ పేరు మారడం చిన్న విషయం కాదు. జపనీస్ మెదడువాపును వరిమడి నీళ్లలో పెరిగే దోమ మోసుకొస్తుంది. పందుల్లో, కొంగల్లో ఆ క్రిమి దాగి ఉంటుంది. చండీపురను మోసేది దోమ కాదు, ఇసుక ఈగ. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో ఉంటుంది. ఒకదానికి టీకా ఉంది. ఇంకోదానికి లేదు. మొదటి అనుమానాన్నే నిజమనుకుని కూర్చుంటే మడుల మీద మందు కొడుతూ ఉంటాం, గోడ నెర్రెలో ఈగ అలాగే ఉంటుంది.

ఆ జబ్బులోనూ తేదీలు మాట్లాడాయని నా ఉద్దేశం. జ్వరం వచ్చిన రోజు, ప్రాణం పోయిన రోజు పక్కపక్కన పెడితే చాలామంది పిల్లల విషయంలో మధ్యలో ఉన్నవి ఒకటి రెండు రోజులే. మెదడువాపులో సాధారణంగా అంత తొందర ఉండదు. అనుమానం మన నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చినా, తేదీలు రాసుకున్న కాగితం దగ్గర అది ఒకసారి ఆగాలి.

మళ్లీ తట్టుకు వద్దాం. ‘టీకా వేయించాం, అయినా వచ్చింది, ఇంకెందుకా టీకా?’ ఊళ్లలో ఈ మాట వినపడుతూనే ఉంటుంది. కోపంగా అడుగుతారు. కోపం న్యాయమే. లెక్క చెప్తాను, నిదానంగా వినండి.

ఒక ఊళ్లో వందమంది పిల్లలున్నారనుకోండి. తొంభై మందికి తొమ్మిదో నెలలో ఒక టీకా పడింది. పది మందికి అసలు పడలేదు. ఆ వయసులో వేసిన ఒక టీకా వందకు సుమారు ఎనభై అయిదు మందిని కాపాడుతుంది. అంటే టీకా పడిన తొంభై మందిలోనూ ఓ పదమూడు మందికి రక్షణ అందలేదు. ఊళ్లోకి తట్టు వచ్చి అందరినీ తాకింది. టీకా పడినవాళ్లలో పదమూడు మందికి, పడనివాళ్లలో పది మందికి వచ్చింది. మొత్తం ఇరవై మూడు. వాళ్లను వరసగా నిలబెట్టి చూస్తే టీకా వేయించుకున్నవాళ్లే ఎక్కువ! అక్కడే ఆగిపోతే టీకా దండగ అనిపిస్తుంది. ఆగకండి. ఎంతమందిలో పదమూడు? తొంభై మందిలో. ఎంతమందిలో పది? పది మందిలో. ఒకచోట చాలామంది గట్టెక్కారు. ఇంకోచోట ఒక్కరూ మిగల్లేదు.

ఆ మిగిలిన పదమూడు మంది కోసమే రెండో టీకా ఉంది. పదహారు నెలలకూ ఇరవై నాలుగు నెలలకూ మధ్య వేస్తారు. మొదటిది తొమ్మిది నిండాక, రెండోది ఏడాదిన్నర అటూ ఇటూ. 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ మీజిల్స్ రుబెల్లా టీకా వేశారు, గుర్తుందా? ఆ తర్వాత పుట్టిన పిల్లలకు ఈ రెండు టీకాలే రక్షణ. నూటికి తొంభై అయిదు మంది పిల్లలకు రెండూ పడితే తప్ప తట్టు ఊళ్లో తిరగడం మానదు.

అందుకే తల్లీబిడ్డల కార్డు. సుగ్గికి వచ్చే అక్కలారా, కార్డు ఇంటి దగ్గర పెట్టెలో దాచి తాళం వేసి రాకండి. ఆధార్ కార్డు ఎక్కడ పెట్టుకుంటారో దాని పక్కనే పెట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లో. పోయిందా, ఫరవాలేదు. ‘వేయించాం’ అనకుండా ‘గుర్తు లేదు’ అని నిజం చెప్పండి. లేని టీకా ఉందని రాసుకుంటే ఆ లెక్కంతా తప్పుతుంది, మీ బిడ్డకు పడాల్సిన టీకా పడకుండా పోతుంది. ఇంకోసారి వేసినా ముప్పేమీ లేదు. మన ఊరు కాదు కదా అని వెనకాడక్కర్లేదు. ఏ ఊరి బిడ్డయినా ఏ ఊళ్లోనైనా టీకా వేస్తారు.

ఇక అమ్మవారి సంగతి. గుమ్మానికి వేపమండ కడతారు. నాకు అభ్యంతరం లేదు. ఆ మండ చూసి పక్కింటి పిల్లలు లోపలికి రారు, అది మంచిదే. నేను కాదనేవి రెండే. ఒకటి, పథ్యం పేరుతో బిడ్డకు తిండి తగ్గించడం. తట్టు వచ్చిన బిడ్డకు అన్నం, పాలు, గుడ్డు మామూలు కంటే ఎక్కువే కావాలి. రెండోది, అమ్మవారు తగ్గేదాకా ఎవరికీ చెప్పకూడదనడం. తగ్గాక చెప్తే విటమిన్ ఏ వేసే రోజు దాటిపోతుంది. అది రెండు రోజులు వరసగా నోట్లో వేస్తారు, వయసును బట్టి. కళ్లను కాపాడేది అదే. ఆయాసం, ఎగశ్వాస కనిపిస్తే, బిడ్డ పాలు మానేస్తే, ఒక్క పూట కూడా ఆగకండి. ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రైతు అన్నలకు ఒక మాట. మీ భయం నాకు తెలుసు. చెట్టు మీద కాయ పండి ఉంది, ఈ మాట పొక్కితే కూలీలు లారీ ఎక్కేస్తారేమో అని. కోత ఆపమని ఎవరూ చెప్పరు. జబ్బు పిల్లాణ్ని, వాడితో ఒక మనిషిని, దద్దుర్లు తేలాక నాలుగు రోజులు గుడారం దగ్గర ఉంచమంటారు. ఆ మనిషికి కూలి పోతుంది. ఆ కాస్త కూలి మీరిస్తే తల్లి దాచదు. దాస్తే ఇంకో రెండు వారాలకు అయిదు గుడారాల్లో తేలుతుంది, అప్పుడు కోత నిజంగానే ఆగుతుంది.

ఇంకొక్కటి మిగిలింది. ఆఖరి పిల్లాడికి దద్దుర్లు తేలిన రోజు నుంచి ఆరు వారాలు కొత్తగా ఎవరికీ రాకపోతేనే ఊళ్లో తట్టు ఆగిందని చెప్తారు. ఆరు వారాలు. మార్చి మొదట్లో తేలితే ఏప్రిల్ మధ్య దాకా చూడాలి. ఈలోగా ఉగాది వస్తుంది, లారీలు కదులుతాయి. కొందరు పిల్లలు ఒంట్లో తట్టు క్రిమితోనే, ఇంకా దద్దుర్లు తేలకుండా, ఇళ్లకు వెళ్లిపోతారు. కాబట్టి మేస్త్రీలూ, రైతులూ, లారీ మాట్లాడిన రోజునే ఆశా కార్యకర్తకు ఒక ఫోన్ చేయండి. ఆమెను గుడారాల దగ్గరకు పిలిచి, ఏ కుటుంబం ఏ ఊరికి వెళుతోందో, ఏ బిడ్డకు ఎప్పుడు తేలిందో రాయించండి. ఆ కాగితం ఫొటో తీసి వాళ్లు వెళ్లే ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపిస్తారు. ఆశా కార్యకర్త ఎవరో తెలియకపోతే 104కు చేయండి. పేరు, ఊరు, తేదీ, ఈ మూడూ దగ్గర పెట్టుకుని మాట్లాడండి.